బందూఖ్ కాదు అబ్బా, మార్కర్

జుమ్మా నమాజ్ చదివి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూసున్నం. ఖట్టీ దాల్, తలా హువా గోష్త్. మావోడు కుడిచేత్తో అన్నం కలుపుకుంటనే ఎడమచేత్తో ఫోన్ నా ముంగటికి జరిపిండు. తెర మీద ఒక నల్లటి పొడుగాటి వస్తువు. పైన డబ్బా, వెనక చిన్న సిలిండర్.

"ఏందిరా ఈ బందూఖ్?" అన్న.

"బందూఖ్ కాదు అబ్బా, మార్కర్. పెయింట్‌బాల్ మార్కర్. మామూ తెస్తనన్నడు."

మామూ అంటే మా బేగం తమ్ముడు. చికాగోల ఉంటడు. డిసెంబర్ల ఖాందాన్‌ల షాదీ ఉందని వస్తున్నడు. భాంజాకి ఏం తేవాల్నని అడిగిండట. ఇంకోడైతే బూట్లడుగుతడు, గడియారం అడుగుతడు. మావోడు ఇదడిగిండు. "వంద డాలర్ల చుట్టుపక్కలనే అబ్బా. మంచి ఫోన్ కంటే ఎంతో సస్తా," అన్నడు. మా బేగం నవ్వుకుంట, "ఖిలోనా హీ హై నా జీ, లానే దో," అని తమ్ముని తరఫున వకాలత్ చేసింది.

నేను "దేఖేంగే" అన్న. ఉర్దూ మీడియంల చదువుకున్న అబ్బాలు "నక్కో" అనే హిమ్మత్ లేనప్పుడు "దేఖేంగే" అంటరు. మా అబ్బా కూడా అట్లనే అనేటోడు.

ఈ షౌక్ మావోనికి ఎట్ల అంటుకుందో చెప్త. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. క్లాసు దోస్తులు పన్నెండు మంది కలిసి హైదరాబాద్ బయట ఒక రిసార్టుకి పోయిండ్రు. అసొంటి జాగాలు ఇప్పుడు చానానే ఉన్నయి. రామోజీ ఫిల్మ్ సిటీ సాహస్‌ల కూడా ఈ ఆట ఉంది. రెండు టోలీలు చేస్తరు. డ్రమ్ములు, పాత టైర్లు, చెక్క గోడలు అడ్డం పెడ్తరు. మనిషికి నలభై గుండ్లు. గుండు తగిలి రంగు పగిలితే చెయ్యెత్తి బయటికి రావాలె. అంతే ఆట. మావోడు ఆ రోజు రాత్రి వీపు మీద నీలం మచ్చలు చూపించుకుంట, ఈద్ చాంద్ చూసినోని లెక్క మురిసిండు. అప్పట్నుంచి జిద్.

నాకు ఆ "మార్కర్" అనే మాట మీదనే షక్ ఉండె. పత్రికల పనిచేసేటోనికి మాటల మీద అనుమానం ఎక్కువ. ధరలు పెంచినోడు "సవరణ" అంటడు, నౌకరీ తీసేసినోడు "సర్దుబాటు" అంటడు. తుపాకిని మార్కర్ అనుడు కూడా అసొంటి ముసుగే అనుకున్న. తీరా చదివి చూస్తే గల్తీ నాదే. దాని అసలు పేరే అది.

అమెరికాల అడవి జంగ్లాతోళ్ళు నరకాల్సిన చెట్లకి రంగుతోని గుర్తు పెడ్తరు. వాగు అవతల, ముండ్లల్ల ఉన్న చెట్టు దగ్గరికి పోవుడు కష్టం. పశువుల మందల ఫలానా ఎద్దుకి గుర్తు పెట్టాల్నన్నా అంతే. దానికోసం నెల్సన్ అనే రంగుల కంపెనీ దూరం నుంచి రంగు గుండు కొట్టే సామాను అమ్మింది. చేసిచ్చింది గాలి తుపాకుల కంపెనీ డైసీ. పేరు నెల్‌స్పాట్ 007. మన ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా మీద నిషానీ వేసినట్టే. అది మనుషుల కోసం పుట్టిన సామాను కాదు.

1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం హెనికర్ దగ్గర అడవిల పన్నెండు మంది దాన్ని పట్టుకొని మొదటిసారి ఆటాడిండ్రు. దాని వెనక ఒక బహస్ ఉంది. పట్నంల షేర్లు అమ్మేటోడు అడవిల బతుకుతడా, పల్లెటూరోడే బతుకుతడా అని. హేస్ నోయెల్, చార్ల్స్ గెయిన్స్, బాబ్ గర్న్‌జీ అనే ముగ్గురు దోస్తులు ఆ బహస్ తెంపనీకి ఈ ఆట కట్టిండ్రు. అడవిల నాలుగు దిక్కుల జెండాలు పెట్టిండ్రు. ఎవరికీ దొరకకుంట అన్నీ తెచ్చినోడు గెలిచినట్టు. గెలిచినోడు రిచీ వైట్, అడవి పని తెలిసినోడు. ఆయన ఒక్క గుండు కూడా పేల్చలే. చప్పుడు చెయ్యకుంట జెండాలు ఏరుకొని వచ్చిండు.

ఈ కిస్సా చెప్తే మావోని మొహం వెలిగింది. "చూసినవా అబ్బా, బందూఖ్ కాదన్న గదా!" పేరు సంగతిల వాడే గెలిచిండు. కాని నా గొంతుల అడ్డం పడ్డది పేరు కాదు.

మా చిన్నప్పుడు గులేరు ఆట ఉండె. జామ కొమ్మ పంగ, పాత సైకిల్ ట్యూబు రెండు పట్టీలు, నడుమ చెప్పులు కుట్టేటాయన దగ్గర అడుక్కొచ్చిన తోలు ముక్క. 1990 ఎండాకాలం సెలవులు. నాకు పదకొండేండ్లు, మా ఫుప్పీ కొడుక్కి ఎనిమిది. ఇమ్లీ చెట్టు కింద ఇద్దరం. నేను కాయకు గురి పెట్టిన. వాడు కొమ్మ వెనక నుంచి తొంగి చూసిండు. రాయి కాయకి తగల్లే.

పెద్దాస్పత్రిల ఇరవై రోజులు ఉన్నడు. ఎడమ కన్ను చూపు మల్ల రాలే. వెలుగు, నీడ తెలుస్తది, అంతే. మా అబ్బా ఆ గులేరుని పొయ్యిల పెట్టిండు, నన్ను మాత్రం కొట్టలే. కొడితే బాగుండు అని ఇప్పటికీ అనిపిస్తది. ఫుప్పీ చనిపోయేదాంక నన్ను ఒక్క మాట అనలే. ప్రతి ఈద్‌కి షీర్‌ఖుర్మా కటోరా ముందుగాల నాకే ఇచ్చేది. దాన్ని తాగుడు ఎంత కష్టమో నాకే ఎరుక.

మా ఫుప్పీ కొడుకు ఇప్పుడు మండి బజార్‌ల కూలర్లు, మోటార్లు, కంప్రెసర్లు రిపేర్ చేస్తడు. ఒక్క కన్నుతోని వాడు చుట్టే కాయిల్ రెండు కండ్లోళ్ళు చుట్టలేరు. నన్ను భాయ్ అంటడు. మావోనికి చాచా. ఈ మార్కర్ మస్లా వానికాడికి తీస్కపోకుంట తెంపితే నా దిల్‌కి సుకూన్ ఉండదనిపించింది. మావోన్ని బండెక్కించుకొని దుకాణానికి పోయిన. కిస్సా మావోనికి తెల్వదు. చాచా కన్ను "చిన్నప్పుడు దెబ్బ తగిలి" పోయిందనే వానికి తెలుసు. ఎవరి దెబ్బో ఎన్నడూ చెప్పలే.

వాడు ఫోన్ తీస్కొని బొమ్మ చూసిండు. నేను "మనా కర్" అంటడనుకున్న. వాడు మెకానిక్ లెక్క అడగడం షురూ చేసిండు.

"గుండు ఎంత?"

మావోడు గడగడ చెప్పిండు. మామూలుది 0.68 అంగుళం, మిల్లీమీటర్లల్ల 17 పైన. బరువు మూడు గ్రాములు. ఆట జాగల సెకనుకి 280 అడుగుల కంటే జోరుగ పోకుంట యంత్రంతోని కొలిచి బిగిస్తరు. అంటే గంటకి మూడు వందల కిలోమీటర్ల పైమాట. 0.50 అంగుళం చిన్న గుండు కూడా ఉంది. దాని బరువు ఒక గ్రాము పైచిలుకు, దెబ్బ తక్కువ, పిల్లల ఆటకి వాడ్తరు.

"మూడు వందల కిలోమీటర్లు," అని వాడు మెల్లగ అన్నడు. కుడి కన్ను నా దిక్కు తిరిగింది, వెంటనే మలిగింది. "మల్ల కండ్ల మీదికి ఏం పెట్టుకుంటవ్?"

"చాచా, అక్కడ మాస్క్ ఇస్తరు."

"అక్కడ సరే. నువ్వు కొంటే, మన ఇంటెనక ఆడితే?"

మావోడు అటూ ఇటూ చూసిండు. మామూ లిస్టుల మాస్క్ లేదు.

అసలు సంగతి అక్కడనే ఉంది. ఈ ఆటల పైసలు పెట్టాల్సిన మొదటి వస్తువు మార్కర్ కాదు, మాస్క్. మోటర్‌సైకిల్ హెల్మెట్ పనికి రాదు, వెల్డింగ్ అద్దాలు పనికి రావు, నల్ల కండ్లద్దాలైతే పగిలి కంట్ల గుచ్చుకుంటయి. పెయింట్‌బాల్ కోసమే చేసిన మాస్క్ కావాలె. కండ్లు, చెవులు, నోరు, గదుమ అన్నీ మూయాలె. దాని మీద ఏఎస్‌టీఎం ఎఫ్1776 అని ప్రమాణం నంబర్ ఉండాలె. ఇంకో మాట. సస్తా మాస్కుల అద్దం ఒంటి పొర. ఆడేటోని ఊపిరికే ఆవిరి పడ్తది. కండ్లు కనబడక పిల్లలు మాస్క్ కొంచెం లేపుతరు. ఆ ఒక్క పల్ చాలు. రెండు పొరల థర్మల్ అద్దం అయితే ఆవిరి తొందరగ పట్టదు. మార్కర్ మీద పైసలు తగ్గించుకొని ఇక్కడ పెట్టుడే అక్కల్‌మందీ.

"గాలి ఎక్కడ నింపుతవ్?" వాని రెండో సవాల్.

నేను ఇది సోంచనే లేదు. మార్కర్ ఒక ఖాళీ గొట్టం. దాన్ని నడిపేది వెనక సిలిండర్. అందుల రెండు రకాలు. ఒకటి కార్బన్ డయాక్సైడ్, మన సోడాల కొట్టే గ్యాసే. ఇంకోటి గట్టిగ కుక్కిన మామూలు గాలి. గ్యాస్ సస్తా. కాని లోపల సగం ద్రవంగ ఉంటది, వేడిని బట్టి దాని జోరు మారుతది. 20 డిగ్రీల కాడ 830 పీఎస్ఐ దాంక ఉంటది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగ ఉండనే ఉండదు, జోరు పైకి పోతది. మన వరంగల్ల మే నెల సంగతి మీకు తెలుసు. ఎండల పెట్టిన బండి సీటు మీద కూసోలేం. అసొంటి ఎండల ఆ సిలిండర్ పెట్టుడంటే దాని ఇంతెహాన్ చూసినట్టే. ఎక్కువైతే పగిలి గ్యాస్ బయటికి పోనీకి అండ్ల ఒక పల్చటి బిళ్ళ పెడ్తరు, అది వేరే సంగతి. అట్లనే జోరు మారితే గుండు జోరు కూడా మారుతది. పొద్దుగాల 270 చూపించింది మధ్యాహ్నం 300 దాటొచ్చు. ఎదురుగ ఉన్నది దోస్తు పెయ్యి.

గాలి సిలిండర్ అయితే జోరు నిలకడగ ఉంటది. కాని నింపాల్సింది 3000 పీఎస్ఐ. "టైర్ల దుకాణం కంప్రెసర్ నూటయాభై కొడితే గొప్ప," అని మా ఫుప్పీ కొడుకు నవ్విండు. "సముందర్‌ల మునిగేటోళ్ళ సిలిండర్లు నింపే మిషన్ కావాలె. కాకతీయుల సముందర్ ఎక్కడుందిరా బేటా?" పైగా మన దేశంల ఈ సిలిండర్లకి వేరే ఖానూన్ ఉంది. 2016 గ్యాస్ సిలిండర్ రూల్స్. నాగ్‌పూర్ హెడ్డాఫీసు ఉన్న పెసో అనే సర్కారీ సంస్థ మంజూరీ చూస్తది. నిండు సిలిండర్‌ని విమానం ఎక్కనియ్యరు, ఖాళీదైనా సూట్‌కేసుల పెట్టుకొచ్చి ఎక్కడబడితే అక్కడ నింపుడు కుదరదు.

మూడో సవాల్ నేనే చేసిన. ఖానూన్. మన దగ్గర గాలి తుపాకులు కూడా ఆయుధాల నియమాల కిందికి వస్తయి. 2016 ఆర్మ్స్ రూల్స్‌ల వాటికి రెండు లకీర్లు గీసిండ్రు: శక్తి 20 జౌల్స్, గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. మావోడు కాయితం మీద లెక్కేసిండు. మూడు గ్రాములు, ఆ జోరు. పదకొండు జౌల్స్ వచ్చింది. "లకీర్ లోపలనే అబ్బా!" అన్నడు. "శక్తి లోపల. వెడల్పు చూడు. నాలుగున్నర ఎక్కడ, పదిహేడు ఎక్కడ?" అన్న. ఇసొంటి దాన్ని "ఖిలోనా" అని సామాన్ల ముడిచి తెచ్చి, కస్టమ్స్ కౌంటర్ కాడ మామూని నిలబెట్టుడు ఏం తహజీబ్? తేవాల్నంటే ముందుగాల దరఖాస్తు, కమిషనరేట్‌ల అడిగి తెలుసుకునుడు, రాతపూర్వకంగ జవాబ్ తీసుకునుడు. ఆ తర్వాతే టికెట్.

మీ పిల్లలు చికాగోలనో డల్లాస్‌లనో ఉండి, అక్కడనే ఆడ్తమంటే సంగతి వేరే. వాళ్ళకి చెప్పుండ్రి. మొదటి మార్కర్ సాదాది కొనాలె. 1998 నుంచి నడుస్తున్న టిప్‌మన్ 98 అనే మోడల్ ఉంది. ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌ల పుట్టిన కంపెనీ. ఇనుప పెట్టె లెక్క మజ్బూత్, విప్పుడు బిగించుడు సులువు, పాతది కొన్నా పనిచేస్తది. అదే కంపెనీది క్రోనస్ ఇంకా సస్తా, కాని ఫౌజీ రైఫిల్ రూపం. ప్లానెట్ ఎక్లిప్స్‌వాళ్ళ ఈమెక్ అని ఉంది. ధర దానికి రెండింతల పైన, కాని నిమ్మళంగ పనిచేస్తది, గుండ్లు లోపల తక్కువ పగులుతయి. ఒకటే షర్తు, దానికి గాలే కావాలె, గ్యాస్ పనికి రాదు. గ్యాసూ గాలీ రెండూ వద్దంటే స్ప్రింగుతోని నడిచే 0.50 స్ప్లాట్‌మాస్టర్ రకం చిన్న పిల్లలకి చాలు. మొదట్ల ఒక్కోసారి గుంజి ఒక్కో గుండు కొట్టే పంప్ మార్కర్ అయితే ఇంకా మేలు. సోంచి కొడ్తరు. గుండ్లు రెండు వేల డబ్బాలల్ల అమ్ముతరు. సెకనుకి పది కొట్టే మిషన్ సస్తాకి దొరికినా దాని కడుపు నింపుడు మహంగా. ఇస్రాఫ్ అనే మాట మన అమ్మీలు నల్లా నీళ్ళు కారితేనే అంటుండిరి. ఇక్కడ రెండు చేతులతోని అనొచ్చు.

ఇంటికి మళ్ళే ముందర నేను మావోన్ని దుకాణం బల్ల మీద కూసోబెట్టిన. "చాచా కన్ను నా గులేరు తోని పోయింది," అన్న. ముప్ఫై ఏండ్లు దాటి మోసిన మాట నాలుగు సెకన్లల్ల అయిపోయింది. మావోడు చాచా దిక్కు చూసిండు. వాడు మోటర్ విప్పుకుంటనే, "తొంగి చూసింది నేనే గదా భాయ్," అన్నడు. ఇంకేం అనలే. స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపిండు. మావోడు అందిచ్చిండు.

ఇగ మన ఇండ్లల్ల పుట్టే సవాల్ ఒకటి ఉండనే ఉంది. ఆ గుండు పైతోలు జిలాటిన్. మందు గోలీల క్యాప్సూల్ లెక్కనే. లోపల నీళ్ళల్ల కరిగే రంగు. జిలాటిన్ అంటే జంతువుల ఎముకలు, తోలు ఉడకబెట్టి తీసింది. మా అమ్మీ తస్బీహ్ ఆపి అడిగింది: "కిస్కీ హడ్డీ?" మొహల్లా మస్జిద్ మౌలానా సాబ్‌ని అడిగిన. ఆయన మీసాల్ల నవ్విండు. ఇట్ల మారిపోయిన వస్తువు మీద ఉలమాల నడుమ ఇఖ్తెలాఫ్ ఉందని, షక్ ఉన్నప్పుడు బట్టలు మార్చుకొని, పెయ్యి కడుక్కొని నమాజ్‌కి నిలబడుమని చెప్పిండు. నోట్ల పడనియ్యొద్దన్నడు. ఇంకో మాట కూడా అన్నడు. మజాక్‌కైనా భాయి మీదికి హథియార్ చూపొద్దని, మొహం మీద కొట్టొద్దని మన రసూల్ నేర్పిన అదబ్ ఉంది, ఆట బయట దాన్ని మర్చిపోవద్దు అని. చిత్రమేందంటే ఆ ఆట రూల్స్ పుస్తకం కూడా ఇదే అంటది. మైదానం దాటంగనే గొట్టానికి తొడుగు వెయ్యాలె, తలకి గురి పెట్టొద్దు.

మావోడు ఈ హడ్డీ సంగతి దోస్తులకి చెప్తే, అండ్ల ఒకడు, "పందిదైతే నీకు పరేషాన్, ఆవుదైతే నాకు పరేషాన్," అన్నడట. 1857ల మీరట్ సిపాయిలు తూటా కొవ్వు మీద తిరగబడ్డ కిస్సా ఇంటర్ పుస్తకంల చదువుకున్న పిల్లలు. "ఇద్దరం కలిసి తిరగబడ్దం రా" అని నవ్వుకున్నరట. నేనూ నవ్విన.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలే. నేను ఇప్పటిదాంక రాయనిది రాస్త. కన్ను, గాలి, ఖానూన్ అన్నీ నిజమైన సాకులే. కాని దస్తర్‌ఖాన్ కాడ నా గొంతుల అడ్డం పడ్డది మొదట అవి కాదు. నల్లటి ఆ వస్తువు చేతుల పట్టుకొని, గడ్డం అప్పుడప్పుడే వస్తున్న నా కొడుకు నిలబడ్డ ఫోటో.

ఇరవై ఏండ్ల సంది వార్తల నడుమ బతుకుతున్న. ఫోటోని నాలుగు దిక్కుల కత్తిరిస్తే ఏమైతదో తెలుసు. పక్కన ఉన్న టైర్లు పోతయి, రిసార్టు బోర్డు పోతది, నవ్వుతున్న దోస్తులు పోతరు. ఒక పేరు, ఒక సామాను మిగుల్తయి. మిగిలిన దానికి క్యాప్షన్ రాసేది మనం కాదు. ఒక వాట్సాప్ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పోయేసరికి అది ఏ ఊరిదో, ఏ సాల్‌దో కూడా మారిపోతది. ఖండన మూడో రోజు లోపలి పేజీల వస్తది. అది రాసేది కూడా నా అసొంటోడే.

ఈ మాట వానికి చెప్పిన. చెప్పకుంట ఉండాల్నని చానా కోషిష్ చేసిన. వాడు కొంచెంసేపు ఊకున్నడు. తర్వాత అడిగిండు: "అదే సామాను నా దోస్తు పట్టుకుంటే వాళ్ళ నాన్న ఇట్ల ఫికర్ చేస్తడా అబ్బా?"

నేను తెలుగు ఎంఏ చదివిన. ఉర్దూల షేర్లు యాద్ ఉన్నయి. రెండు జబాన్లల్ల వెతికినా దీనికి జవాబ్ దొరకలే. "చెయ్యడు బేటా," అన్న. అంతకంటే అబద్ధం చెప్పలేకపోయిన.

కాని ఒకటి నిశ్చయం చేసుకున్న. నా ఖౌఫ్‌ని వాని మెడకు తాయెత్తు కట్టొద్దు. ఆడొద్దు అనలే. ఫైసలా ఇట్ల చేసినం. మామూకి ఫోన్ చేసి మార్కర్ తేవద్దన్నం. మాస్క్ తెమ్మన్నం. థర్మల్ అద్దంది, నలుపు కాదు, పసుపు రంగుది. పైసలు నేనిస్తనంటే మా ఫుప్పీ కొడుకు ఒప్పుకోలే. "బేటాకి నా తరఫున తోఫా," అన్నడు. మార్కర్ మైదానంల కిరాయికి తీస్కోవాలె. గాలి వాళ్ళే నింపుతరు, జోరు వాళ్ళే కొలుస్తరు, మంజూరీ, మరమ్మతు వాళ్ళ జిమ్మేదారీ. సాల్‌కి నాలుగుసార్లు ఆడేటోనికి కిరాయి మార్కర్ కంటే సస్తా మార్కర్ లేదు. చదువైనంక, సొంత కమాయి మీద, కాయితాలు పక్కా చేసుకొని కొనుక్కుంటనంటే నేను అడ్డం రాను.

షాదీ అయినంక జనవరిల ఒక ఐతారం పోయినం. పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడే. ఎండ ముదిరితే జిలాటిన్ మెత్తబడి గుండ్లు గొట్టంలనే పగుల్తయి. మేమిద్దరం పెద్దోళ్ళం జాలీ అవతల కుర్చీల మీద కూసున్నం. లోపలికి పోయే ముందు మా ఫుప్పీ కొడుకు పిల్లలందరినీ వరుసగ నిలబెట్టి ఒక్కొక్కరి మాస్క్ పట్టీ గుంజి చూసిండు. మావోన్ని ఒక్కన్నే కాదు, అందరినీ. వాళ్ళకి ఆయన ఎవరో తెల్వదు. మైదానం మనిషనుకొని "థాంక్స్ అంకుల్" అన్నరు.

గంటన్నర ఆడిండ్రు. మావోడు రెండుసార్లు ఔటయిండు, ఒకసారి టైర్ల వెనక పాక్కుంట పోయి జెండా పట్టుకొచ్చిండు. డబ్బాల ఇంకా ఇరవై మూడు గుండ్లు మిగిలినయి. "రిచీ వైట్ అంతటోని కాలే, కాని కంజూస్‌ని అయిన అబ్బా," అన్నడు. భుజం మీద నారింజ రంగు మరక. ముందుగాల నల్లా కాడికి పోయి కడుక్కున్నడు. జొహర్ టైం అయితుండె.

ఫోటో దిగే టైంకి నా గుండె మల్ల కొట్టుకున్నది. దోస్తుడు ఒకడు ఫోన్ పట్టుకొని, "మార్కర్లతోని దిగుదాం రా," అని పిలుస్తున్నడు. మావోడు, "ముందు ఇవి వాపస్ ఇచ్చేద్దం, లేకుంటే ఇంకో గంట కిరాయి వేస్తరు," అన్నడు. అందరి దగ్గర మార్కర్లు తీస్కొని, తొడుగులు వేసి, కౌంటర్ల అప్పగించి వచ్చిండు. తర్వాతనే ఫోటోకి నిలబడ్డడు. కిరాయి వేస్తరన్నది అబద్ధం. బోర్డు మీద రాసి ఉంది, రోజంతటికీ ఒకటే కిరాయి. వాడు నా దిక్కు చూడలే.

నాకు తసల్లీ అయింది. దాని వెనకనే షర్మిందగీ కూడా అయింది. పద్దెనిమిదేండ్ల పిల్లగాడు ఒక అబద్ధం అంత సాఫీగ ఆడేటట్టు నేర్పింది నేనే గదా.

మా ఫుప్పీ కొడుకు ఆ ఫోటోని ఫోన్ల పెద్దగ చేసి, కుడి కంటి దగ్గరికి తీస్కొని చానాసేపు చూసిండు. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు రంగుల మరకలు, మాస్కులు నొసటి మీద.

"మంచిగొచ్చింది భాయ్," అన్నడు. "అందరి కండ్లు కనబడుతున్నయి."